చిరుసంచి లేని విడుదల

మారుటేరు వరి పరిశోధన కేంద్రము మా పాలకొల్లుకు పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. 1925లో నెలకొల్పిన ఆ కేంద్రములో పుట్టిన వరి వంగడములు ఎం.టి.యు. అనే మూడక్షరముల గుర్తుతో దేశమంతటా తిరిగినవి. రైతులు స్వర్ణ అని పిలిచే ఎం.టి.యు. 7029 వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అక్కడ ఒక వంగడము తయారైనంత మాత్రాన అది వెంటనే బజారుకు రాదు. కేంద్రములోని మడులలో పరీక్షలు ముగిసిన తరువాత కొద్ది కిలోల విత్తనమును చిన్న సంచులలో పోసి రైతులకు ఇస్తారు. దీనికి చిరుసంచుల దశ అని పేరు. రైతు ఆ విత్తనమును తన చేలో, తన నీటితో, తన ఎరువుతో పండించి, దోమ పట్టినదా, గాలికి పడిపోయినదా, మరపట్టితే బియ్యము నూక అవుతున్నదా అని చూచి చెపుతాడు. కాలువ మొదట ఉన్న రైతు మాటా, శివారు రైతు మాటా విన్న పిమ్మటనే "విడుదల" అనే మాట వినవస్తుంది.

కంప్యూటరువారు కూడ ఇదే మాట వాడుతున్నారు. ఏటేటా కంప్యూటర్లకు, చేతిఫోన్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టములు విడుదల అవుతున్నవి. వాటికీ విడుదలకు ముందు పరీక్షదశ ఉన్నది. అందులో ఎవరైనను పాల్గొనవచ్చునని పిలుపు కూడ ఉన్నది. పిలుపు వినుటకు బాగుగానే ఉన్నది గాని, పాలకొల్లువంటి ఊరిలో కూర్చుండి దానిని అందుకొనబోతే ఏమి జరుగుతున్నదో చూడవలెను. పరీక్షకు రమ్మని పిలుస్తూ, మోయగలిగిన సంచిని మాత్రము చేతికి ఇవ్వకపోవుట ఈనాటి విడుదలలలోని ముఖ్యలోపమని నా అభిప్రాయము. ఆ లోపమునకు మూల్యము చెల్లిస్తున్నది మన లిపి.

లస్కరు చేసే పని

ఆపరేటింగ్ సిస్టము అనగా ఏమో ముందు రెండు మాటలు చెప్పుట అవసరము. గోదావరి కాలువల మీద లస్కరు ఉంటాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఏ బోదెకు ఎంత నీరు వదలవలెనో చూచుట అతని పని. అతడు పంట పండించడు. కాని అతడు లేనిదే నీరు సక్రమముగా చేనికి చేరదు. కంప్యూటరులో ఉత్తరము వ్రాసేది ఒక ప్రోగ్రాము, లెక్కకట్టేది ఒకటి, బొమ్మ గీసేది మరొకటి. ఇవన్నియు ఒకే ప్రాసెసరును, ఒకే జ్ఞాపకశక్తిని, ఒకే తెరను పంచుకొనవలెను. వాటికి వంతులు వేసే పెద్ద ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టము. విండోస్, ఆండ్రాయిడు, ఐఫోనులలోని ఐ.ఓ.ఎస్., లినక్సు కుటుంబములోని డెబియన్, ఉబుంటు అట్టివి. మనము మీట నొక్కగానే తెరపై "క" అనే అక్షరము కనపడుట కూడ ఈ ఏర్పాటులో భాగమే.

తయారుచేసినవారు తమలో తాము పరీక్షించుకొనే ప్రతిని ఆల్ఫా అనియు, బయటివారి పరీక్షకు ఇచ్చే ప్రతిని బీటా అనియు అంటారు. బీటాకు, విడుదలకు నడిమి కాలమే బయటివారికి దక్కే కాలము. ఉబుంటు 24.04 సంగతి చూడండి. దాని బీటా 2024 ఏప్రిలు 11న వచ్చినది. విడుదల ఏప్రిలు 25న జరిగినది. నడుమ పదునాలుగు దినములు. అంతకుముందు దినదినము తయారయ్యే ప్రతులు కూడ దొరుకుతవి గాని, అవి నేడు నడిచి రేపు నడవనివి, ఆరితేరినవారికే తగినవి. వరి వంగడమునకు పంటకాలములు ఇచ్చిన చోట, ఇక్కడ రెండు వారములు ఇచ్చినారన్నమాట. విత్తనము మొలచుటకు కాలము కావలెను, ప్రోగ్రాము నడుచుటకు అక్కరలేదు కదా అని వాదించవచ్చును. నిజమే. అయితే ఆ ప్రోగ్రాము మన ఊరు చేరుటకే ఎంత కాలము పడుతున్నదో ఇప్పుడు చూతము.

మూడు రాత్రులు

పాలకొల్లులో నాకు ఒక మిత్రుడు ఉన్నాడు. శుభలేఖలు, కరపత్రములు కంప్యూటరు మీద కూర్చి అచ్చుకు సిద్ధము చేసే చిన్న దుకాణము అతనిది. అతని కంప్యూటరుకు పదేండ్లు దాటినవి. దానిలో ఉన్న విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియనున్నదని తెలిసినది. దాని తరువాతి కూర్పయిన విండోస్ 11, టీ.పీ.ఎం. 2.0 అనే భద్రతా సాధనము ఉన్న యంత్రములకే ఉద్దేశించినది. మా మిత్రుని యంత్రములో అది లేదు. యంత్రము బాగుగానే నడుస్తున్నది. దానిని నడిపే లస్కరుకు మాత్రము కాలము చెల్లినది. కొత్త కంప్యూటరు కొనుట అతనికి పెండ్లిండ్ల సీజను ఆదాయమంతా పోయుటయే. అందుచేత ఉచితముగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమును, విడుదలకు ముందే, బీటా దశలోనే పరీక్షించి చూతమని ఇద్దరము అనుకొన్నాము. దాని పేరు అనవసరము. ఈ కథ ఏ పేరుతోనైనను జరిగేదే.

ఆ ప్రతి పరిమాణము ఆరు గిగాబైట్లకు దగ్గరగా ఉన్నది. మొదటి రాత్రి అందులో డెబ్బదిపాళ్ళు దిగిన తరువాత లంకె తెగిపోయినది. బ్రౌజరు మరల మొదటినుంచి మొదలుపెట్టినది. రెండవ రాత్రి కరెంటు పోయినది. మూడవ రాత్రి, ఆగిన చోటినుంచి అందుకొనే వేరొక ప్రోగ్రాముతో సగము దింపి, మిగిలిన సగము మరునాడు పూర్తిచేసినాము. నడుమ మా మిత్రుడు నాకు ఫోను చేసి, "ఏమండి మాస్టారూ, ఈపాటికి హైదరాబాదు వెళ్ళి సంచిలో వేసుకొచ్చేసేవాణ్ణి కదండి!" అన్నాడు. వేళాకోళమే గాని, అందులో లెక్క ఉన్నది.

ఆరు గిగాబైట్లు అనగా నలభైయెనిమిది గిగాబిట్లు. సెకండుకు 10 మెగాబిట్ల చొప్పున ఎడతెగక వస్తే 4,800 సెకండ్లు, అనగా 80 నిమిషములు చాలును. సెకండుకు 2 మెగాబిట్లే వస్తే ఆరు గంటల నలభై నిమిషములు. చేతిఫోనులో రోజుకు 1.5 గిగాబైట్ల వంతు మాత్రమే ఉన్నవానికి, వేరే ఏ పనికీ వాడకపోయినను, నాలుగు దినములు. పదునాలుగు దినముల పరీక్షకాలములో నాలుగు దినములు దారిలోనే పోయినవి. ఈ లెక్క ఒక్కసారి సరిగా దిగితేనే. మాకువలె మూడుమార్లు అయితే చెప్పనక్కరలేదు.

కాలువ శివారున ఉన్న చేలకు నీరు చివర చేరునన్నది మన డెల్టాలో అందరూ ఎరిగినదే. దానికి విరుగుడుగా వంతులు ఏర్పరచినారు. ఈ కొత్త కాలువకు అట్టి వంతులు లేవు. 2004 అక్టోబరులో ఉబుంటు మొదటి కూర్పు 700 మెగాబైట్ల ఒక్క సీడీలో ఇమిడినది. 2005 నుంచి 2011 వరకు అడిగినవారికి ఆ సీడీలను ఉచితముగా తపాలాలో కూడ పంపేవారు. 2012లో వచ్చిన 12.10 కూర్పు సీడీ హద్దు దాటినది. నేడు అది సుమారు ఆరు గిగాబైట్లు. అనగా ఎనిమిది రెట్లకు పైబడినది. ఇందుకు కారణములు లేకపోలేదు. రకరకముల యంత్రములకు కావలసిన పరికరముల ప్రోగ్రాములు, భాషలు, బొమ్మలు అన్నియు ఒకేచోట చేర్చుట వాడేవానికి సౌకర్యమే. కాని ఆ సౌకర్యము వేగమైన లంకె ఉన్న ఊళ్ళను చూచి కుట్టిన చొక్కా. చిన్న సంచి సాధ్యము కాదా అంటే, సాధ్యమే. డెబియన్‌వారు ఒక గిగాబైటుకు లోబడిన ప్రతిని ఇస్తున్నారు. మిగిలిన భాగములను కావలసినంత మేరకే తరువాత దింపుకొనవచ్చును. ఇది పూర్తి పరిష్కారము కాదు. ఐనను దారి ఉన్నదని చూపుతున్నది.

ఆడించి చూచుట

మూడు రాత్రుల ఫలమును పెన్‌డ్రైవులో ఎక్కించి కంప్యూటరుకు తగిలించినాము. సగము ఎక్కి, అర్థముకాని వాక్యమొకటి తెరపై చూపి ఆగిపోయినది. పెన్‌డ్రైవు చెడినదని మిత్రుడు, యంత్రము పాతదని నేను తర్కించుకొన్నాము. తప్పు రెంటిలోను లేదు. ముందు చేయవలసిన పనిని మేము చివర చేసినాము.

పాలకొల్లు కొబ్బరి వ్యాపారమునకు పేరుపడిన ఊరు. ఇక్కడ కొబ్బరికాయ కొనేవాడు దానిని చెవి దగ్గర పెట్టుకొని ఆడించి చూస్తాడు. లోపల నీరు పలికిన తీరును బట్టి కాయ పగులగొట్టకుండానే మంచిచెడ్డలు గ్రహిస్తాడు. దింపుకొన్న ప్రతికి కూడ అట్టి పరీక్ష ఉన్నది. దానిని చెక్‌సమ్ అంటారు. సరిచూచు సంఖ్య అనవచ్చును. షా-256 అనే గణితపద్ధతిలో ఒక ప్రతిలోని అంకెలనన్నింటిని ఒక క్రమములో మెదిపి, 256 బిట్ల చిన్న సంఖ్యను తీస్తారు. దానిని అరువదినాలుగు గుర్తుల వరుసగా వ్రాస్తారు. ప్రతి ఎంత పెద్దదైనను వరుస పొడవు అంతే. ఈ పద్ధతిలోని గొప్ప ఏమనగా, ఆరు గిగాబైట్లలో ఒక్క బిట్టు మారినను, వచ్చే సంఖ్యలో రమారమి సగము బిట్లు మారిపోతవి. కనుక తయారీదారు ప్రకటించిన వరుసను, మన ప్రతినుంచి తీసిన వరుసతో పోల్చితే ప్రతి చెక్కుచెదరక వచ్చినదీ లేనిదీ తెలిసిపోతుంది.

మా వరుస కలియలేదు. కారణము వెదకగా తమాషా విషయము బయటపడినది. పరీక్ష ప్రతులను అదే పేరుతో, అదే చోట, తరచు మార్చి పెడుతుంటారు. మేము దింపిన మొదటి సగము నిన్నటి ప్రతిలోనిది. రెండవ సగము నేటి ప్రతిలోనిది. ఆగిన చోటినుంచి అందుకొనుట మంచిదే గాని, మూలము మారినదేమో మా ప్రోగ్రాము చూడలేదు. తల ఒక మేకది, తోక మరొక మేకది. పరిమాణము చూస్తే సరిపోయినట్లే ఉన్నది. సరిచూచు సంఖ్య లేకపోతే ఈ సంగతి మాకు ఎన్నటికీ తెలియదు; కొత్త ఆపరేటింగ్ సిస్టము చెడ్డదని ఊరంతా చెప్పుకొనేవారము. మారిన ముక్కలను మాత్రమే దింపి, పాతవానితో సరిగా అతికే పద్ధతి కూడ ఉన్నది. జెడ్‌సింక్ అని దాని పేరు. అట్టిది ఉన్నదని దింపుకొనే పుటలో మొదటి వరుసలోనే చెప్పవలసినది. వెదకి వెదకి మేము కనుగొనవలసి వచ్చినది.

ఈ సరిచూచుట చెడిన ప్రతులకే గాక, చెరచిన ప్రతులకు కూడ అవసరము. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టము వెబ్‌సైటులోకి దొంగలు చొరబడి, అసలు ప్రతికి బదులు తాము దొంగదారి పెట్టిన ప్రతి దిగేటట్లు లంకె మార్చినారు. ఆ దినమున దింపుకొన్నవారిలో సంఖ్య సరిచూచుకొన్నవానికి మోసము పట్టుకొనే వీలున్నది, తక్కినవారికి లేదు. అయితే లంకెను మార్చగలిగిన దొంగ పక్కనే ఉన్న సంఖ్యను కూడ మార్చగలడు. అందుచేతనే ఆ సంఖ్యల పట్టీపై తయారీదారు రహస్యపు తాళపుచెవితో పెట్టిన సంతకమును కూడ సరిచూడవలెనంటారు. ఇంత ముఖ్యమైన పనిని పుట అడుగున సన్నని అక్షరములలో, నేర్పరులకు మాత్రమే తెలిసే మాటలలో పెట్టుట సబబు కాదు. కాయను ఆడించి చూడనివ్వని దుకాణములో కొబ్బరికాయ ఎవరు కొంటారు?

నలుగురు చెప్పినది, ఒక్కడు చూచినది

ప్రతి సరిగా దిగినది, ఎక్కినది అనుకొందాము. ఇక పరీక్ష. ఇక్కడ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడదగును.

2018 అక్టోబరు 2న విండోస్ 10కి 1809 అనే కొత్త కూర్పు విడుదలైనది. దానిని ఎక్కించుకొన్న కొందరి కంప్యూటర్లలో వారు దాచుకొన్న పత్రములు, బొమ్మలు మాయమైనవి. నాలుగు దినములలో, అక్టోబరు 6న, మైక్రోసాఫ్టువారు విడుదలను నిలిపివేసినారు. నవంబరు 13న గాని అది మరల రాలేదు. విచారింపదగిన విషయమేమనగా, ముందుగా పరీక్షించినవారిలో కొందరు ఈ లోపమును విడుదలకు పూర్వమే తెలియజేసినారు. కాని ఫిర్యాదులను ఎందరు బలపరచినారన్న లెక్క ప్రధానముగా చూచే ఏర్పాటులో, కొద్దిమంది చెప్పిన ఆ పెద్ద దోషము అడుగున పడిపోయినది. తరువాత ఆ సంస్థవారు ఎంతమంది చెప్పినారన్నదే గాక, దోషము ఎంత తీవ్రమైనదో కూడ తెలుపుటకు వీలు కల్పించినారు.

రెండవది 2024 మార్చి 29 నాటిది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక లినక్సు పరీక్ష ప్రతిలో దూరపు కంప్యూటరులోనికి ప్రవేశించేటప్పుడు సుమారు అర సెకండు ఆలస్యమగుచున్నదని గమనించినాడు. ఎందుకని తవ్వగా, ఎక్స్‌జెడ్ అనే చిన్న భాగములో ఎవరో ఎంతో నేర్పుతో దాచిన దొంగదారి బయటపడినది. అది విడుదలలలో చేరి ఉంటే లోకములోని అసంఖ్యాకమైన సర్వర్లకు ముప్పు కలిగేది. ఉబుంటు 24.04 బీటా ఒక వారము ఆలస్యమై ఏప్రిలు 11న వచ్చుటకు కారణము ఇదే. భాగములనన్నింటిని మరల కూర్చి శుభ్రపరచవలసి వచ్చినది.

మొదటి సంఘటనలో కొందరు చెప్పినను వినలేదు. రెండవదానిలో ఒక్కడు చూచినది లోకమును కాపాడినది. పరీక్షలో తలలు లెక్కపెట్టుట కంటె కన్నులు ఉన్నవానిని వినుట ముఖ్యమని ఈ రెండును చెపుతున్నవి. తెలుగువారికి ఇది మరీ ముఖ్యము. ఏ బీటాను చూచినను తెలుగులో పరీక్షించేవారు చేతివ్రేళ్ళ మీద లెక్కపెట్టదగినంతే ఉంటారు. తలలెక్కలో మన ఫిర్యాదు ఎప్పుడును అడుగుననే ఉంటుంది.

జ్ఞా చేసిన తప్పేమి?

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపికి లోకమంతటా అపఖ్యాతి వచ్చినది. "ఒక్క తెలుగు అక్షరము ఐఫోనులను పడగొట్టుచున్నది" అని పత్రికలు వ్రాసినవి. ఐ.ఓ.ఎస్. 11.2.5 ఉన్న ఫోనుకు ఆ అక్షరము సందేశములో వస్తే, దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. కొన్ని సందర్భములలో ఫోనే పదేపదే మొదటినుంచి మొదలయ్యేది. ఆ అక్షరము "జ్ఞా". విజ్ఞానము అనే మాటలో ఉన్న అక్షరమే కావుట వింత.

ఆ వార్త వ్రాసిన తీరు సరియైనది కాదు. మనము మామూలుగా వ్రాసే జ్ఞా అట్టి పని చేయలేదు. యూనికోడులో జ్ఞా అనగా నాలుగు సంకేతములు: జ, పొల్లు, ఞ, ఆ-గుణింతపు గుర్తు. ఆ ఉపద్రవపు వరుసలో అయిదవది ఒకటి ఉన్నది. ఞకు, గుణింతపు గుర్తుకు నడుమ, కంటికి కనపడని "కలపవద్దు" అనే గుర్తు. ఈ గుర్తు మనకు కొత్తది కాదు. "సాఫ్ట్‌వేరు" అనే మాటలో ట్ తరువాత అది లేకపోతే వ వత్తుగా మారి "సాఫ్ట్వేరు" అవుతుంది. కాని ఉపద్రవపు వరుసలో అది ఉండవలసిన చోట గాక వేరొక చోట ఉన్నది. అక్షరములను తెరపై కూర్చే భాగము ఆ వరుసను ఊహించలేదు. జ్ఞాపకశక్తిలో తనది కాని చోట చేయి పెట్టినది. దోషమును విడదీసి పరిశీలించినవారు బంగాళీ, దేవనాగరి లిపులలో కూడ ఇట్టి వరుసలే అదే పని చేస్తవని చూపినారు. కనుక తప్పు తెలుగుది కాదు; భారతీయ లిపులను కూర్చే కోడుది. ఆపిల్ సంస్థవారు ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పు ఇచ్చి దానిని సరిచేసినారు.

తెలుగువాడు బీటాను పరీక్షించి ఉంటే ఈ దోషము తప్పక దొరికేదని నేను అనను. అట్టి వరుసను ఎవరును మామూలుగా వ్రాయరు. కాని ఒక విషయము గమనింపదగినది. అప్పటికి పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఈ దోషము లేదు. అనగా మందు తయారీదారు ఇంటిలోనే ఉన్నది. రోగి ఇంటికి చేరలేదు. వార్త గుప్పుమన్న తరువాత కొద్దిరోజులలో చేరినది. వార్త కాని దోషముల గతి ఏమి?

అట్టివి మన చుట్టూ ఎన్నో ఉన్నవి. రోమను అక్షరములకు సరిపోయే ఎత్తులో వరుస గీస్తే, "రాష్ట్రము" అనే మాటలో కింది వత్తులు తెగిపోతవి. 2021లో యూనికోడు 14వ కూర్పులో చేరిన నకారపొల్లు అనేక యంత్రములలో ఇంకను ఖాళీ డబ్బాగానే కనపడుతుంది. ఇవి ఫోనును పడగొట్టవు. కనుక పత్రికలకు ఎక్కవు. చదివేవాని కంటికి మాత్రము దినదినము గుచ్చుకొంటవి.

మన వంతు

తప్పంతయు ఎదుటివారి మీద నెట్టుట విమర్శ అనిపించుకొనదు. తెలుగువారు కూడ కొంత పని చేసినారు. 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమును పూనుకొన్నది. 2007లో సీ-డాక్ సంస్థ చెన్నై కేంద్రమువారు తెచ్చిన బాస్ లినక్సులో తెలుగు కూడ ఉన్నది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 6.0లో, కంప్యూటరులోకి ఎక్కించే దశనుంచే బొమ్మల తెరపై తెలుగు చదువుకొనే వీలు కలిగినది. ఉత్త అక్షరముల తెర మన సంయుక్తాక్షరములను కూర్చలేదు కనుక బొమ్మల తెరకే అది పరిమితమైనది. ఇవి స్వచ్ఛందముగా పనిచేసిన అనువాదకుల చలవ. ఐనను అనువదించుట వేరు, పరీక్షించుట వేరు. వండినవాడు ఉన్నాడు, రుచి చూచి ఉప్పు తక్కువైనదని చెప్పేవాడు లేడు. మనము కాఫీ హోటలులో కూర్చుండి తెలుగు సరిగా రావడము లేదని విసుగుకొంటాము గాని, ఆ మాటను వినవలసినవానికి వ్రాయము.

వ్రాయుటకు పెద్ద చదువు అక్కరలేదు. స్త్రీ, రాష్ట్రము, లక్ష్మి, జ్ఞానము, సాఫ్ట్‌వేరు అనే అయిదు మాటలు కొట్టి చూడండి. వత్తులు పూర్తిగా కనపడుచున్నవా? వెనుకకు చెరిపే మీట ఒకసారి నొక్కితే ఎంత చెరిగినది? వ్రాసిన మాటను వెదకితే దొరికినదా? పేర్లను వరుసలో పెట్టమంటే అకారాదిక్రమము వచ్చినదా? తెరపై ఉన్నది కాగితముపై అట్లే అచ్చయినదా? దోషము కనపడితే మూడు సంగతులు చెప్పవలెను: ఏమి చేసినాము, ఏమి రావలెనని అనుకొన్నాము, ఏమి వచ్చినది. తెరబొమ్మ ఒకటి జతపరచవలెను. మారుటేరుకు మన రైతు చెప్పేది సరిగా ఇంతే.

మా మిత్రుని దుకాణములో నాలుగవమారు ప్రతి సరిగా దిగినది, సంఖ్య కలిసినది, యంత్రము కొత్త లస్కరుతో లేచి కూర్చున్నది. అతని మొదటి శుభలేఖలోనే, కిటికీ పైపట్టీలో "లక్ష్మి" అనే మాటకు అడుగుభాగము తెగిపోయినది. అతడు నవ్వి, "లక్ష్మికి కాళ్ళు లేవండి మాస్టారూ, ఇంక డబ్బెలా నడిచొస్తదండి?" అన్నాడు. ఇద్దరము కూర్చుండి ఫిర్యాదు వ్రాసి పంపినాము. అప్పటికి విడుదలకు మూడు దినములే మిగిలినవి. అత్యవసరము కాని మార్పులను చేర్చుట అప్పటికే ఆపివేసినారు. విడుదల దినము వచ్చినది. లక్ష్మి కాళ్ళు లేకుండానే వచ్చినది. తరువాతి సవరణలలో ఆ లోపము తీరినది. మూడు రాత్రులు పోకుండా ఉంటే విడుదలలోనే తీరి ఉండేదేమో.

కనుక తయారీదారులను కోరవలసినవి ఇవి. పరీక్షకు చిరుసంచి ఇవ్వండి: తెరపై అక్షరములు, మీటలు, అచ్చు పరీక్షించుటకు చాలినంత చిన్న ప్రతి. మారిన ముక్కలనే దింపుకొనే పద్ధతిని ముందుంచండి. సరిచూచు సంఖ్యను, దానిని చూచే విధమును తెలుగులో, దింపుకొనే మీట పక్కనే పెట్టండి. ఫిర్యాదును తలలెక్కతో గాక దోషపు తీవ్రతతో తూచండి. మన కళాశాలలను, గ్రంథాలయములను కోరవలసినది ఒకటే: ఒక మంచి లంకెపై ఒక్కసారి దింపి, సరిచూచి, ఊరివారందరికీ పంచండి. ఒకే ప్రతి కొరకు ఊరిలో పదిమంది పది రాత్రులు మేలుకొనుట అనవసరపు కష్టము.

మా మిత్రుడు ఎవరి కొరకూ ఆగలేదు. ఇప్పుడు అతని దుకాణములో గోడమేకుకు ఒక పెన్‌డ్రైవు వ్రేలాడుతూ ఉంటుంది. దానికి దారముతో కట్టిన అట్టముక్క మీద అరువదినాలుగు గుర్తుల వరుసను స్వహస్తముతో వ్రాసినాడు. ఎవరైనా అడిగితే, "పట్టుకెళ్ళండి, కాని ముందు ఆ నెంబరు సరిచూసుకోండి" అని చెప్పి ఇస్తాడు. తీసుకొనిపోయినవారు తిరిగి ఇచ్చేటప్పుడు తెలుగులో ఏమేమి తప్పులు కనపడినవో ఒక నోటుపుస్తకములో వ్రాసి పోవలెనని అతని నియమము. ఆ పుస్తకములో ఇప్పటికి రెండు పుటలు నిండినవి.